ఇరుకుగది పదమూడో పాట

తెర మీది అంకె మూడోసారి కూడా మారలేదు. ఆరు పాయింట్ నాలుగు. భానురేఖ లేచి వెళ్ళి ప్రయోగశాల తలుపుకు గడియ పెట్టింది. తిరిగొచ్చి అదే పాటను నాలుగోసారి యంత్రానికి వినిపించింది.

గిటారు మోగింది. వెంటనే ఒక అమ్మాయి గొంతు. పాట చివర "నాన్నా" అన్న మాటను ఆమె ఊపిరి అయిపోయేదాకా సాగదీసింది. ఆ సాగిన శబ్దాన్ని పట్టుకుని యంత్రం మళ్ళీ లెక్క వేసింది. ఆరు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు.

ఆ యంత్రం పేరు నాడీశ్రుతి. విశాఖపట్నంలోని ఒక పరిశోధనా సంస్థలో భానురేఖా, ఆమె పై అధికారి డాక్టర్ ఉమాకాంత్ ఆరేళ్ళు కష్టపడి దాన్ని తయారుచేశారు. మనిషి పాడుతున్నప్పుడు గుండె కొట్టుకున్న ప్రతిసారీ గొంతు చెవికి అందనంత సన్నగా వణుకుతుంది. గుండెలోంచి బయలుదేరే పెద్ద ధమని ఎంత వెడల్పుగా ఉందో ఆ వణుకును బట్టి చెప్పవచ్చునని వాళ్ళు కనిపెట్టారు. మామూలు మనిషికి అది మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఐదున్నర దాటితే దాని గోడ పలచబడి ఏ దగ్గుకో, ఏ కోపానికో పగలవచ్చు. పగిలితే ఆసుపత్రికి చేరే వ్యవధి ఉండదు.

ఆ అమ్మాయి ఎవరో భానురేఖకు తెలియదు. ఎక్కడుంటుందో తెలియదు. ఆ పాట పాడి పదకొండు రోజులైంది. ఇవాళ ఆమె బతికే ఉందో లేదో కూడా తెలియదు.

ఇదంతా ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైంది. యంత్రాన్ని పరీక్షించడానికి ఒకే మనిషి గొంతు రెండు మూడేళ్ళపాటు రికార్డయినది కావాలి. సినిమా పాటలు పనికిరావు. స్టూడియోలో వాటిని ఎంతగా శుభ్రం చేస్తారంటే, ఆ వణుకు కూడా దుమ్ములాగే తుడుచుకుపోతుంది. భానురేఖ ఆ మాటే అంటూ మజ్జిగ పోసుకుంటుంటే, ఆమె కూతురు తన్మయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. తన్మయికి పందొమ్మిదేళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ చెవుల్లో ఏం మోగుతుందో తల్లి ఎన్నడూ అడగలేదు.

"శుభ్రం చేయని పాటలు కావాలా? నా దగ్గర ఉన్నవన్నీ అవేనమ్మా."

"ఎవరివి?"

"ఎవరివో. పేర్లుండవు. గది తలుపేసుకుని, గిటారు పట్టుకుని, ఫోన్లో పాడేసి పెట్టేస్తారు. ఫోక్ పంక్ అంటారు కొందరు, అకూస్టిక్ ఇమో అంటారు కొందరు. ఏదన్నా అనుకో. కోపం వస్తే కోపం, ఏడుపొస్తే ఏడుపు. తప్పు పాడినా మళ్ళీ పాడరు."

"ఎవరు వింటారు?"

"నాలాంటి వాళ్ళం. ఒక్కో పాటకి రెండొందల మంది. మూడొందల మంది."

భానురేఖ ఆ సాయంత్రమంతా విన్నది. ఒక పాట మధ్యలో కుక్కర్ కూత పెట్టింది. ఇంకో పాటలో ఎవరో తలుపు తట్టారు. పాడుతున్న కుర్రాడు "ఆగు, వస్తున్నా" అని అరిచి, అదే శ్రుతిలో తర్వాతి మాట అందుకున్నాడు. ఊపిరి పీల్చిన చప్పుడు, గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు, ఫ్యాను గాలి, అన్నీ అలాగే ఉన్నాయి. ఇలాంటి గొంతుల కోసమే ఆమె దేశమంతా గాలించింది. తన ఇంట్లోనే పక్క గదిలో ఉన్నాయవి.

వాళ్ళలో ఒకామె 'ఇరుకుగది' అన్న పేరుతో రెండేళ్ళలో పదమూడు పాటలు పెట్టింది. పలాస వైపు యాస. భానురేఖ పని కోసం మొదలుపెట్టి, మూడో పాటకు పని మరిచిపోయింది.

"ఏడో పాట నుంచి చూడు" అంది తన్మయి పక్కనే కూర్చుని. "గొంతు జీరబోవడం మొదలవుతుంది. మా వాళ్ళందరికీ ఆ జీరంటే పిచ్చి. ఎవరూ అలా పాడలేరు."

మంగళవారం యంత్రం పదమూడు పాటలకూ పదమూడు అంకెలు ఇచ్చింది. మొదటి పాటకు నాలుగు. ఏడో పాటకు ఐదు పాయింట్ రెండు. పదమూడో పాటకు ఆరు పాయింట్ నాలుగు. ఎడమ స్వరతంత్రికి వెళ్ళే నరం ఆ పెద్ద ధమని వంపు కిందుగా చుట్టుకుని పైకి పోతుంది. ధమని ఉబ్బితే నరం నలుగుతుంది. నలిగితే గొంతు జీరబోతుంది. తన కూతురూ, ఆమె స్నేహితులూ మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటున్నది ఏమిటో భానురేఖకు అర్థమైంది.

*

"వద్దు" అన్నాడు ఉమాకాంత్ గురువారం.

"సార్, ఆరు పాయింట్ నాలుగు."

"చూశాను. మన యంత్రం పదిసార్లు ప్రమాదమని చెబితే మూడుసార్లు తప్పు చెబుతోంది. నిరుడు ఆ సంగీతం మాస్టారి సంగతి గుర్తుందా? మనం ప్రమాదమన్నాక, స్కాన్‌లో ఏమీ లేదని చూపించినా ఆయన నమ్మలేదు. ఎనిమిది నెలలు నోరు తెరిచి పాడలేదు. ఆయన భార్య ఇక్కడికొచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చింది."

"మిగతా ఏడుసార్లు నిజమే కదా సార్."

"ఆయన మనకి సంతకం పెట్టి వచ్చాడు. ఈ అమ్మాయి పెట్టిందా? మన దగ్గరికి వచ్చిందా? పాట పెట్టుకుంది. మనం దాన్ని తీసుకుని ఆమె ఛాతీలోకి చూశాం. ఈ మాట బయటికి పొక్కితే ఈ పని ఇక్కడితో ఆగిపోతుంది. ఆరేళ్ళ పని." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు ఆమెకి సందేశం పంపావా?"

"పంపాను. జవాబు లేదు."

"ఇంకేమీ చెయ్యకు."

భానురేఖ ఇంటికొచ్చి చెప్పేసరికి తన్మయి ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్ళి ఒక గోధుమరంగు కవరు తెచ్చింది. 'ఇరుకుగది' అమ్మాయి తన పాటల్ని క్యాసెట్ల మీదికి ఎక్కించి, అడిగినవాళ్ళకు తపాలాలో పంపుతుందట. పెట్టె మీద బాల్‌పెన్నుతో గీసిన కిటికీ బొమ్మ. కవరు మీద పంపినవాళ్ళ చిరునామా లేదు. తపాలా ముద్ర మాత్రం స్పష్టంగా ఉంది: కాశీబుగ్గ, పలాస పక్క ఊరు.

"ఉద్యోగం పోతుందా అమ్మా?"

"పోవచ్చు."

"పొద్దున ట్రైన్ ఎన్నింటికి?" అంది తన్మయి.

*

కాశీబుగ్గ పోస్టాఫీసులో కౌంటరు వెనకున్నావిడ కవరు చూడగానే గుర్తుపట్టింది. "ఆ పిల్లా? ఆ గుంట మంగళారం, శుక్కరారం ఒత్తాది. ఇయ్యాల శుక్కరారమే కదా, కూకోండి."

కూర్చున్నారు. పది దాటింది, పదకొండు దాటింది. జనం వస్తున్నారు, పోతున్నారు. గుమ్మంలో ఎవరి నీడ పడినా తన్మయి తల ఎత్తుతోంది. రాకపోతే ఎందుకు రాలేదని అనుకోవాలో ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట ఎత్తలేదు.

పదకొండున్నరకు ఒక సన్నటి అమ్మాయి లోపలికి వచ్చింది. ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్ళుంటాయి. తలకు గుడ్డ కట్టుకుంది. వేళ్ళ చివర్లు నల్లబడి ఉన్నాయి. మూడు పొట్లాలు కౌంటరు మీద పెట్టి, "రిజిస్టరు సెయ్యండమ్మా" అంది.

ఆ గొంతు వినగానే తన్మయి తన తల్లి మణికట్టు పట్టుకుంది. "అమ్మా, ఆమే."

బయట మెట్ల దగ్గర భానురేఖ తన పేరు చెప్పింది, పని చెప్పింది. వీలైనంత నెమ్మదిగా, వీలైనంత చిన్న మాటల్లో విషయం చెప్పింది. ఆ అమ్మాయి మొదట నవ్వింది.

"నాను పాటలు పాడ్డమేటి? మీరెవులో అనుకుని ఎవులికో సెప్తన్నారు."

"నేను మీ క్యాసెట్ తెప్పించుకున్నానక్కా" అంది తన్మయి. "కిటికీ బొమ్మది."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. "గట్టిగా అనకు. ఇక్కడ మా నాన్నని ఎరగనోలు నేరు." తర్వాత భానురేఖ వైపు తిరిగింది. "గొంతు జీడి పొగకి పోనాది. పేక్టరీలో అందరికీ అలగే ఉంటాది. డాకటరు సిరపు ఇచ్చినాడు."

"పొగ కాదమ్మా. పది నిమిషాల స్కాన్. నేను తప్పని తేలితే మీరు నా మీద పోలీసు కంప్లయింటు ఇవ్వండి."

"నా పాట మీకెవులిచ్చినారు?" అమ్మాయి గొంతు పెరిగింది. "ఇనమని పెట్టినాను. ఇప్పి లోపలేటున్నాదో సూడమని పెట్టినానా? నా లోపల సూడ్డానికి మీరెవులు?"

ఆమె మెడ పక్కన నరం ఉబ్బి కొట్టుకోవడం భానురేఖకు కనబడింది. ఒక్కో గట్టి మాటకూ లోపల ఆ పలచటి గోడ మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఆమెకు అంకెలతో సహా తెలుసు. వాదించాలని ఉంది. వాదిస్తే ఆ అమ్మాయి ఇంకా అరుస్తుంది. భానురేఖ నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

తన్మయి మెట్టు మీద కూర్చుంది. "మీరు తిట్టండక్కా, మా అమ్మది తప్పే. కానీ కూర్చుని తిట్టండి. నెమ్మదిగా తిట్టండి."

అమ్మాయి చివరికి కూర్చుంది. తన పేరు దమయంతి అని చెప్పింది. జీడిపప్పును రకాలుగా వేరుచేసే పని. తండ్రి అప్పలస్వామి అదే ఊళ్ళో ముప్పై ఏళ్ళు జీడిపిక్కలు కాల్చే పని చేసి మానేశాడు. తల్లి లేదు. పాడేది తండ్రి టీ కొట్టుకు వెళ్ళినప్పుడు. గిటారు ఎదురింటి స్నేహితురాలి దగ్గర దాస్తుంది.

"నాలుగు నెల్లనుంచి ఈపులో పోటు" అంది ఉన్నట్టుండి. "కూకుని కూకుని అనుకున్నాను."

అది కూడా ఆ ధమని పోటేనని భానురేఖకు అర్థమైంది.

"ఒత్తాను. గానీ పాటల సంగతి మా నాన్నకి తెలీకూడదు. మాటివ్వండి."

"ఇస్తున్నాను" అంది భానురేఖ.

*

శ్రీకాకుళం దాకా కారులో దమయంతి రెండుసార్లు దగ్గింది. రెండుసార్లూ డ్రైవరు తప్ప మిగతా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

స్కాన్‌లో ఆరు పాయింట్ ఆరు వచ్చింది.

అక్కడి డాక్టరు స్కాన్ ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకుని, "ఈమె నడిచే వచ్చిందా?" అని అడిగాడు. తర్వాత ఆమెను స్ట్రెచర్ మీద నుంచి లేవనివ్వలేదు. అంబులెన్సు విశాఖకు బయలుదేరింది. అరవకూడదు, ఏడవకూడదు, బరువెత్తకూడదు, దేనికీ ఉద్రేకపడకూడదు. శనివారం మధ్యాహ్నం ఆపరేషన్ అన్నారు. బల్ల మీదే ప్రాణం పోయే ప్రమాదముంది కాబట్టి అయినవాళ్ళ సంతకం కావాలన్నారు. అప్పలస్వామికి కబురు వెళ్ళింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆయన వచ్చాడు. పొట్టి మనిషి, ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో టవలు. కూతుర్ని అద్దంలోంచి చూడనిచ్చారు. ఆమెకు నిద్రమందు ఇచ్చి ఉంచారు. ఆయన వరండాలోకి వచ్చి పెద్ద డాక్టరు చెప్పిందంతా విన్నాడు. కాగితం చేతిలోకి తీసుకోలేదు.

"మొన్నటేల దాకా పనికెల్లిన గుంటండి. అన్నం తింది, నవ్వింది. ఇప్పుడు గుండెకాయ కోత్తామంటన్నారు. నాను ఇంటికి తోలుకుపోతాను."

"దారిలోనే పోతుంది బాబూ" అన్నాడు డాక్టరు. ఆయనకు ఇంకో కేసు ఉంది. తొమ్మిదిన్నరలోగా సంతకం కాకపోతే థియేటరు వేరే వాళ్ళకు ఇవ్వాలని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పలస్వామి భానురేఖ వైపు తిరిగాడు. "మీరేనటగా తల్లీ, దాన్ని తెచ్చింది. దానికి రోగమున్నాదని విశాకపట్నంలో ఉన్న మీకెలగ తెలిసింది? పక్కలో ఉన్నోన్ని నాకే తెల్దే."

"ఒక యంత్రం ఉందండి. గొంతు వింటే చెబుతుంది."

"దాని గొంతు మీరెక్కడిన్నారు?"

భానురేఖ ల్యాప్‌టాప్ సంచిని దగ్గరికి లాక్కుంది.

"సెప్పలేరు. సెప్పరు. ఎవులో ఏటో సెప్పి పేదోల్ల పిల్లల్ని కోసీడం నాను ఇనని మాట కాదు. సంతకం ఎట్టను." ఆయన లేచి, అద్దం తలుపు వైపు నడిచాడు. "అమ్మా దమయంతీ, లెగు."

ఆ కేక విని ఆమె లేస్తే, తండ్రి ముఖం చూసి కంగారుపడితే చాలు. గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. భానురేఖ ఆయన ముందుకు వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"కూర్చోండి. వినిపిస్తాను."

ఆమె ల్యాప్‌టాప్‌లో ఆ రోజున్నది ఒక్క పదమూడో పాటే. అందులో ఏముందో ఆమెకు తెలుసు. తన్మయి "అమ్మా, వద్దు, మాటిచ్చావు" అంది సన్నగా. భానురేఖ ఇయర్‌ఫోన్లు ఆ ముసలాయన చెవుల్లో తనే పెట్టి, పాట మొదలుపెట్టింది. బయటికి ఏమీ వినబడలేదు. కానీ ఏ క్షణాన ఏ మాట వస్తుందో ఆమెకు తెలుస్తూనే ఉంది.

*అమ్మ సల్లబడిపోనాక ఒచ్చినావు నాన్నా,*
*సేతులు కడుక్కుని కడుక్కుని లోపలికొచ్చినావు,*
*నీ సేతులు తెల్లగున్నాయి, మనిల్లు నల్లగున్నాది*
*నాన్నా…*

అప్పలస్వామి కదలలేదు. పాట అయిపోయాక కూడా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయలేదు. భానురేఖే తీసింది.

"మా గుంటేనా?"

"ఆమే."

"ఇంత బాగా పాడతాదా?" ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. వేళ్ళ మీద చర్మం మచ్చలు మచ్చలుగా తెల్లగా ఉంది. "ఆ దినం నిజమేనండి. కబురొచ్చినాక పరిగెత్తుకొచ్చినాను. గుమ్మంలో తొట్టికాడ ఆగిపోనాను. జీడిపిక్కల నూనె సేతినిండా ఉన్నాది. అది తగిల్తే తోలు ఊడొచ్చీద్ది తల్లీ. ఆ సేతుల్తో దీని అమ్మని ముట్టుకోలేను గదా. కడుగుతున్నాను, పోదు. ఇసక ఎట్టి తోముతున్నాను, పోదు. ఈలోగా అయిపోనాది."

భానురేఖ ఇయర్‌ఫోన్లు చుట్టి పెట్టింది. "ఈ సంగతి దమయంతికి..." అంది.

"నేదు. సెప్పకండి." ఆయన తల అడ్డంగా ఊపాడు. "పదేల్ల పిల్ల అప్పుడు. దానికి అలగే కనబడ్డాది. అలగే పాడుకున్నాది. దాని పాట దానికుండనీండి. కాయితం ఏదీ?"

తొమ్మిదీ ఇరవై ఐదుకు సంతకం పెట్టాడు. ప్రతి అక్షరం విడివిడిగా, నొక్కి.

*

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. దమయంతి బతికింది.

నరం మాత్రం దక్కలేదు. ఉబ్బిన ధమనికి అది అతుక్కుపోయిందని, దాన్ని కాపాడదామని ప్రయత్నిస్తే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు చెప్పాడు. ఎడమ స్వరతంత్రి ఇక కదలదు. మాట్లాడితే గాలి వస్తుంది, ఆ గాలిలో కొద్దిగా మాట ఉంటుంది.

ఆరో రోజున భానురేఖ చూడ్డానికి వెళితే దమయంతి కాగితం మీద రాసి చూపించింది: "నాన్నకి వినిపించినారా?"

పాట గురించి తండ్రి నోరు జారి ఉంటాడు. లేక ఆయన ముఖం చూసే కనిపెట్టిందేమో. భానురేఖ అవునని తలూపింది. దమయంతి కాగితం మడిచి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మూడు రోజులు వెళ్ళినా అటు తిరిగే ఉంది. తొట్టి దగ్గరి సంగతి ఒక్కటి చెబితే ఆ ముఖం ఇటు తిరుగుతుందని భానురేఖకు అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఈ అమ్మాయి లోపలికి తను అడగకుండా రెండుసార్లు వెళ్ళింది. అప్పలస్వామి మాట కూడా అలాగే బయటపెడితే మూడోసారి అవుతుంది. అరటిపళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ప్రయోగశాలలో ఆమెను రెండు నెలలు పనినుంచి తప్పించారు. తిరిగి రమ్మని పిలిచింది ఉమాకాంతే. ఆయన బల్ల మీద ఆ పదమూడు అంకెల గ్రాఫు పెద్దదిగా అచ్చువేసి ఉంది.

"నేను ఆరోజు వద్దన్నాను. నా మాట విని ఉంటే ఆ అమ్మాయి పోయేది. అది నన్ను వదలడం లేదు" అన్నాడు ఆయన. "కానీ ఇది చూడు. ఒక ధమని రెండేళ్ళలో నాలుగు నుంచి ఆరున్నరకు పెరగడం ప్రపంచంలో ఎవరూ గొంతులో పట్టుకోలేదు. ఇది చూపిస్తే ప్రతి ఫోన్‌లో ఈ యంత్రం పెట్టడానికి ఒప్పుకుంటారు. ఎంతమంది బతుకుతారో ఊహించు. ఆమె అనుమతి ఒక్కటి కావాలి."

"నేను అడగలేను సార్."

"నేను రాశాను. వస్తానంది."

*

దమయంతి మధ్యాహ్నం రెండింటికి తండ్రితో వచ్చింది. బాగా చిక్కింది. మెడ కింద మచ్చ కనబడకుండా చున్నీ చుట్టుకుంది. అప్పలస్వామి చంకలో దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట ఉంది. దాన్ని దించకుండా గుమ్మం బయటే బెంచీ మీద కూర్చున్నాడు. తన్మయి కాలేజీ మానేసి వచ్చింది.

ఉమాకాంత్ గ్రాఫు చూపించి అంతా వివరించాడు. ఏదీ దాచలేదు. దమయంతి చివరిదాకా విన్నది.

"అడిగితే ఇత్తును" అంది. ఆ గాలి మాట వినడానికి అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది. "మీరు అడగనేదు."

"ఇప్పుడు అడుగుతున్నానమ్మా."

"ఇప్పుడు తీసీసుకున్నాక గదా అడుగుతున్నారు. ముందు తుడిసీండి. అన్నీ. అప్పుడు అడగండి. ఇత్తానో ఇవ్వనో అప్పుడు సెప్తాను."

"తుడిచేస్తే మళ్ళీ రాదు. ఆ పాటలు కూడా మీరు తీసేశారట కదా. క్యాసెట్ల హోరులో ఆ వణుకు నిలవదు."

"తీసీసినాను."

ఉమాకాంత్ భానురేఖను చూశాడు. ఆమె కాపాడుతుందని చూశాడో, సలహా కోసం చూశాడో. ఆమె తన ముందున్న కీబోర్డును ఆయన వైపు జరిపింది. తుడిచే అధికారం ఆయన ఒక్కడికే ఉంది. వందలమంది, వేలమంది అని ఒకసారి నోటిలో గొణుక్కున్నాడు. తర్వాత రహస్యపదం కొట్టాడు. ఒక చోట తుడిచాడు, రెండో చోట తుడిచాడు, మూడో చోట తెర అడిగిన ప్రశ్నకు అవునని నొక్కాడు. గ్రాఫు కాగితాన్ని నిలువునా చింపి దమయంతి చేతికిచ్చాడు.

"ఇప్పుడు అడుగుతున్నాను. మీ గొంతు మాకు ఇస్తారా? పాతది కాదు. ఇప్పటిది. ఒక్క 'ఆ' చాలు."

దమయంతి కాగితం ముక్కల్ని సంచిలో పెట్టుకుంది. మైకు ముందుకు జరిగి, "ఆ" అంది.

తెర మీద గీత రాలేదు. మరోసారి అనమన్నారు. అంది. గాలి, మధ్యలో తునిగిపోయే చిన్న శబ్దం, మళ్ళీ గాలి. యంత్రం వెతికి వెతికి ఆగిపోయింది. భానురేఖ అమరికలన్నీ మార్చి చూసింది. మూడోసారి కూడా తెర ఖాళీగానే ఉంది.

"ఏటైనాది?"

"కనబడడం లేదు" అంది భానురేఖ. "గాలి ఎక్కువైపోయింది. నిలకడ లేదు. యంత్రానికి పట్టు దొరకడం లేదు."

"ఏటి కనబడనేదు?"

"లోపల ఏముందో."

దమయంతి ఆ ఖాళీ తెరను చూసింది. "ఇంకెప్పుడూ కనబడదా?"

"ఈ గొంతులో కనబడదు."

దమయంతి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని తన్మయి లేవబోయింది. ఆమె నవ్వుతోంది. శబ్దం లేని నవ్వు, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి చెయ్యి ఊపింది. అప్పలస్వామి లేచి వచ్చి, మూట బల్ల మీద పెట్టి దుప్పటి విప్పాడు. లోపల గిటారు. ఎదురింటి పిల్ల దగ్గర్నుంచి ఆయనే అడిగి తెచ్చాడట.

తెచ్చిచ్చాక బయటికి పోవాలో ఉండాలో తెలియక ఆయన తలుపు దగ్గర ఆగాడు. దమయంతి కళ్ళతో కుర్చీ చూపించింది. కూర్చున్నాడు.

ఆమె తీగలు సరిచేసుకుంది. మూడు నెలలుగా ముట్టని వేళ్ళు మొదట తడబడ్డాయి, తర్వాత పాత వేగం అందుకున్నాయి. గిటారు గట్టిగా, కోపంగా మోగింది. దాని మీద ఆమె గొంతు చిరుగుతూ, కలుస్తూ, గాలిలో సగం పోతూ వచ్చింది. ఎవరూ ఇదివరకు వినని పాట. ఉమాకాంత్ కళ్ళజోడు తీసేశాడు. భానురేఖ తెర వైపు చూడలేదు.

రెండో చరణం మధ్యలో ఊపిరి చాలక దమయంతి ఆగిపోయింది. గిటారు మీద వేళ్ళు మాత్రం ఆగలేదు. అప్పలస్వామి కుర్చీ అంచుకు జరిగాడు. ఆమె మెల్లగా, నిండా గాలి పీల్చుకుని, తెగిన మాట దగ్గర్నుంచే మళ్ళీ ఎత్తుకుంది.